షాపు సిస్టమ్‌లో లైనక్స్ వేసి మూడు వారాలు, తలనొప్పి తగ్గట్లేదు – తప్పు నాదా దానిదా?

పల్నాడు_డీటీపీ:

అందరికీ నమస్కారం అండి. మాది పల్నాడులో చిన్న టౌను, బస్టాండు ఎదురు జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపు, పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే పని. సిస్టమ్‌లు రెండు, రెండూ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. కొన్నప్పుడు వచ్చిన ఒరిజినల్ విండోస్ 8, తర్వాత ఫ్రీగా 10 అయింది. మొన్న 2025 అక్టోబర్ 14తో దానికీ సపోర్ట్ ఆగిపోయింది కదా, 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతదంట, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు లేదంట. బాగానే నడుస్తున్న బండిని తీసుకెళ్ళి పాత సామాన్లోడికి ఇచ్చెయ్యమన్నట్టుంది.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు, బీటెక్ చదువుతున్నాడు, "మావయ్యా, విండోస్‌లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఉంది, లైనక్స్ అని, అది వేస్తా, వైరస్ రాదు, హ్యాంగ్ అవ్వదు, జన్మలో రూపాయి కట్టక్కర్లేదు" అని ఒక సిస్టమ్‌లో విండోస్ పక్కనే మింట్ అనే రకం లైనక్స్ వేసేసి కనుమ మర్నాడు బస్సెక్కేశాడు. అప్పట్నుంచీ నా తిప్పలు చూడండి.

ప్రతి జిరాక్స్ షాపులో కనపడే చిన్న లేజర్ ప్రింటర్ ఉంటుంది చూడండి, కంపెనీ పేరు ఎందుకులెండి, అది యూఎస్‌బీ పెడితే పేరు చక్కగా చూపిస్తుంది, ప్రింట్ కొడితే మాత్రం క్యూలోకి వెళ్ళి కూర్చుంటుంది, కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి "అయిందా అన్నా అయిందా అన్నా" అంటుంటే నాకు చెమటలు. తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్ ఇందులో రాదు, అది లేకపోతే శుభలేఖలు లేవు, కరపత్రాలు లేవు, అసలు నా షాపే లేదు. డీ డ్రైవ్‌లో ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ కొడితే అవ్వదు. పైగా మళ్ళీ విండోస్‌లోకి వస్తే గడియారం తప్పు, పొద్దున పదకొండింటికి అయిదున్నర చూపిస్తోంది, మొన్న ఒకాయనకి బిల్లు ఇస్తే తెల్లారుజామున షాపు తెరిచారా అని నవ్వాడు. ఒక అమ్మాయి తెలుగులో బయోడేటా వర్డ్ ఫైలు తెచ్చింది, పెళ్ళి సంబంధానికి, ఒక్క పేజీది, ఇక్కడ తెరిస్తే రెండో పేజీలోకి రెండు లైన్లు జారిపోయాయి.

యూట్యూబ్‌లో చూస్తే అందరూ లైనక్స్ స్వర్గం అంటారు. మా పక్క షాపాయనేమో అది ప్రోగ్రామర్లకి, నల్ల స్క్రీన్ మీద టకటకా కొట్టేవాళ్ళకి, ఉచితంగా వచ్చేది ఇలాగే ఉంటుంది అంటాడు. తప్పు నాదా, దానిదా, మా వాడిదా? కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టకండి.

ఆర్చ్_అబ్బాయి:

అంకుల్ ఇవన్నీ స్కిల్ ఇష్యూస్. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ నడిచేది లైనక్స్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) మీదే, ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లు మొత్తం 2017 నవంబర్ నుంచి లైనక్సే, అంత పెద్దవే నడుస్తుంటే జిరాక్స్ షాపు నడవదా. విండోస్ పూర్తిగా పీకేయండి, ఒక వారం కష్టపడితే అలవాటైపోతుంది. మింట్ కూడా ఎందుకు, ఆర్చ్ అనే ఇంకో రకం లైనక్స్ వేసుకోండి.

ఓరుగల్లు_సర్వర్:

తమ్మీ, సూపర్ కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలియ్యరు, దాని ముంగట పెళ్ళికార్డు కోసం ఎవ్వరు నిలబడరు. నువ్వు జర ఆగు.

పల్నాడు అన్నా, నేను పదిహేనేండ్ల సంది సర్వర్లల్ల లైనక్స్ మీదనే బతుకుతున్న, ఇంట్ల గూడ అదే, అయినా నీ మేనల్లుడు చేసింది సగం పనే అంటా. పక్కన ఇంకో ఓఎస్ పెట్టినంక సర్దాల్సినవి సర్దకుండ పోయిండు. నువ్వు చెప్పినయి ఒక్కొక్కటి చూద్దాం, అన్నిటికి కారణం ఒకటే గాదు.

గడియారం సంగతి మస్తు చిన్నది. మదర్‌బోర్డుల ఒక గడియారం ఉంటది గదా, విండోస్ అందుల మన టైమే రాసుంటదనుకుంటది, లైనక్స్ అందుల గ్రీనిచ్ లెక్క, అంటే యూటీసీ ఉంటదనుకుంటది. మన దేశానికి దానికి తేడా అయిదున్నర గంటలు, అందుకే నీకు పదకొండుకు అయిదున్నర కనపడ్డది. లైనక్స్‌కే "నువ్వు గూడ లోకల్ టైమే చదువు" అని చెప్పే ఒక్క లైన్ కమాండ్ ఉంటది, టైమ్‌డేట్‌సీటీఎల్ తోని మొదలైతది, నీ మేనల్లున్ని అడిగితే ఫోన్ల చెప్తడు. ఒక్కసారి కొడితే అయిపోతది.

డీ డ్రైవ్‌ది విండోస్ దిక్కుంచి సరిచేయాలె. విండోస్‌ల షట్ డౌన్ కొడితే అది మొత్తం ఆగిపోతదని మనం అనుకుంటం, గని ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టిండ్రు, దానితోని సగం నిద్రల ఉంటది, పొద్దుగాల జల్ది లేవడానికి. ఆ నిద్రల డిస్క్‌ను గూడ పట్టుకొనే పంటది. లైనక్స్ వచ్చి చూస్తది, దీని మీద ఇంకెవరో చెయ్యేసి ఉన్నరు, ఇప్పుడు రాస్తే ఫైల్స్ ఖరాబైతయ్ అని, చదవనిస్తది గని రాయనియ్యది. ఇది తెల్వక "లైనక్స్ నా డిస్క్ లాక్ చేసింది" అని మొత్తుకునేటోళ్ళను శానమందిని చూసిన, అది నీ ఫైల్స్ కాపాడుతున్నదన్నట్టు. కంట్రోల్ ప్యానెల్‌ల పవర్ ఆప్షన్స్‌కు పోయి, పవర్ బటన్లు ఏం చెయ్యాలె అన్న కాడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసెయ్, ఒకసారి సక్కగ షట్ డౌన్ చెయ్, తర్వాత చూడు. (కొత్త ల్యాప్‌టాప్‌లల్ల ఇట్ల పక్కన వేసేటోళ్ళు డిస్క్‌కు తాళమేసే బిట్‌లాకర్ రికవరీ కీ ముందే రాసుకోండ్రి, బూట్ సెట్టింగ్ మారంగనే అది కీ అడుగుతది, కీ లేకుంటే డేటా మీద ఆశ వదులుకోవాలె.)

ప్రింటర్‌కు మాత్రం నా దగ్గర మందు లేదు. కొన్ని చవక లేజర్ ప్రింటర్లకు సొంత తెలివి ఉండదు, పేజీని చుక్కలు చుక్కలుగ తయారు చేసే పనంతా కంప్యూటర్‌లున్న డ్రైవరే చేస్తది, ప్రింటర్ ఆ కంపెనీ సొంత భాషల వచ్చిందే అచ్చేస్తది. ఆ భాష బయటోళ్ళకు చెప్పరు. కంపెనీ లైనక్స్‌కు డ్రైవర్ ఇయ్యకుంటే, లేకుంటే ఎన్నడో ఒక పాతది ఇచ్చి మర్చిపోతే, పేరు కనపడతది, కాయిదం రాదు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే అందరికి తెలిసిన ప్రింటర్ భాషలు అర్థమయ్యే ప్రింటర్లకు ఈ లొల్లి లేదు, హెచ్‌పీ వాటికి హెచ్‌ప్లిప్ అని డ్రైవర్ ఉంటది, కొత్త వైఫై ప్రింటర్లకైతే శానవాటికి డ్రైవరే అక్కర్లేదు. అప్పటిదాంక ఏం జెయ్యాలంటే, లైనక్స్‌ల పని చేసి పీడీఎఫ్ తియ్, రెండో సిస్టమ్‌తోని ఒక ఫోల్డర్ షేర్ పెట్టుకో, ప్రింట్ అక్కడ కొట్టు. అందంగ లేదు, తెలుసు.

ఇగ వైరస్ రాదు అన్న మాట. నీ మేనల్లుడు చెప్పిందాంట్ల నాకు కోపం తెప్పించింది ఇదే. పెన్‌డ్రైవ్‌లల్ల తిరిగే చెత్త విండోస్ కోసం రాసింది, లైనక్స్‌ల నడవది, నీ షాపుకు అది నిజంగనే పెద్ద లాభం, ఒప్పుకుంటా. గని ఆ చెత్త నీ ఫోల్డర్‌ల చప్పుడు చెయ్యకుండ కూసొని ఇంకో కస్టమర్ పెన్‌డ్రైవ్‌లకు కాపీ అయి పోతది, ఆయన ఇంటికి పోయి నిన్నే తిడతడు. మింట్ సొంత వెబ్‌సైట్‌నే 2016 ఫిబ్రవరిల హ్యాక్ చేసి డౌన్‌లోడ్ లింక్ మార్చి దొంగ ఫైల్ పెట్టిండ్రు. 2024 మార్చిల ఎక్స్‌జెడ్ అని చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్‌ల ఎవడో దొంగదర్వాజ పెట్టిండు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేంది అని ఒకాయన అనుమానపడి తవ్వితే బయటపడ్డది, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని, ఆయన పని చేసేది మైక్రోసాఫ్ట్‌ల. అప్‌డేట్ మేనేజర్ల గుర్తు కనపడంగనే కొట్టు, నెట్ల దొరికిన కమాండ్ అర్థం కాకుండ పేస్ట్ చెయ్యకు, నేను 2011ల గట్లనే పేస్ట్ చేసి హోమ్ ఫోల్డర్ మొత్తం పోగొట్టుకున్న, పెండ్లి ఫోటోలు గూడ అందులనే ఉండె, మా ఇంట్ల ఇప్పటికీ ఆ ముచ్చట వస్తది.

నల్ల స్క్రీన్ అంటవా, టైమ్ సరిచేసే ఆ ఒక్క లైన్ తప్ప నీ పనికి అది అక్కర్లేదు. ఉచితం కాబట్టి నాసిరకం అనే పక్క షాపాయనకు చెప్పు, ఐబీఎం వాళ్ళు 2019ల రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీని 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొన్నరు, ఊరికే కొంటరా.

లెడ్జర్_అక్క:

నేను బెజవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, ఆరు నెలలు ఆఫీసు సిస్టమ్‌లో లైనక్స్ వాడి మళ్ళీ విండోస్‌కి వచ్చేశాను, నా అనుభవం కూడా రాస్తే ఎవరికైనా పనికొస్తుందేమో.

నాతో అందరూ అన్నమాట ఏంటంటే, ఇప్పుడన్నీ బ్రౌజర్‌లోనే కదా, బ్రౌజర్ ఎక్కడైనా ఒకటే కదా అని. నిజమే అనుకున్నాను, బ్యాంకు సైట్లు తెరుచుకున్నాయి, రిటర్న్ నింపడం అయింది, చివర్లో డిజిటల్ సంతకం దగ్గర ఆగిపోయింది. ఆ డీఎస్సీ టోకెన్ ఉంటుంది కదండీ పెన్‌డ్రైవ్‌లాంటిది, దాంతో బ్రౌజర్ నేరుగా మాట్లాడదు, మన కంప్యూటర్‌లో ఒక చిన్న సంతకం ప్రోగ్రాం, టోకెన్ తయారుచేసిన వాళ్ళ డ్రైవర్, రెండూ నడుస్తూ ఉండాలి. ఆ రెండిట్లో ఒకటి మా దానికి లైనక్స్‌లో సరిగ్గా కూర్చోలేదు. చివరి తేదీ రోజు సాయంత్రం ఆరింటికి నాకు ఈ సంగతి తెలిసింది, ఇంక చూస్కోండి, పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి చేశాను.

లెక్కలు రాసే టాలీ సంగతి చెప్పక్కర్లేదు, అది విండోస్ ప్రోగ్రామే. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపే వైన్ అని ఏదో పెడితే నడుస్తుందన్నారు, తెరుచుకుంది కూడా, కానీ క్లయింట్ల లెక్కలు పెట్టుకుని "నడుస్తుందేమో" అనుకుంటూ కూర్చోలేను నేను. మా సార్‌కి పన్నెండేళ్ళ నుంచి కట్టుకున్న ఎక్సెల్ షీటు ఒకటుంది, నిండా మాక్రోలు (పని వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు), లైనక్స్‌లో ఎక్సెల్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే బటన్లు కనపడ్డాయి గానీ సగం పని చెయ్యలేదు. ఇందులో లైనక్స్ వాళ్ళ తప్పేం లేదని నాకూ తెలుసు. కానీ సార్‌కి ఏం చెప్పమంటారు?

ఇంట్లో పిల్లలు వాడే పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం మింటే ఉంది, రెండేళ్ళయింది, దాని ఊసే ఎత్తలేదు ఎవరూ.

ఒక్క మాట పల్నాడు గారూ, రెండో సిస్టమ్‌ని తొందరపడి మార్చకండి. విండోస్ 10కి ఈఎస్‌యూ అని ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు, 2026 అక్టోబర్ 13 దాకా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే కనపడుతుంది.

పోతన_కీబోర్డు:

అను గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటాను, పేపర్ డెస్కులో చాలా ఏళ్ళు కూర్చున్నవాణ్ణి.

తమ్ముడూ, అనులో నువ్వు కొట్టే "అ" కంప్యూటర్ దృష్టిలో "అ" కాదు. లోపల ఉండేది ఏదో ఇంగ్లిషు గుర్తు, దాని మీద ఫాంటు తెలుగు ముసుగు వేస్తుంది, అంతే. అందుకే ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చిగీతల్లా కనపడుతుంది, అందుకే అను ఫైల్లో పేరు వెతికితే దొరకదు. ఫాంట్ ఫైళ్ళు తెచ్చి లైనక్స్‌లో వేసుకుంటే పాత ఫైలు చూడ్డం వరకూ అవ్వచ్చు గానీ, కీ నొక్కితే ఏ ముక్క ఎక్కడ పడాలో సర్దేది స్క్రిప్ట్ మేనేజర్, అది విండోస్ కోసం రాసింది. పైగా మన వాళ్ళు పేజీలు కట్టడానికి వాడేది ఇంకా పేజ్‌మేకర్ 7, అది వచ్చింది 2001లో! ఆ ముసలాయన్ని తీసుకెళ్ళి వైన్‌లో కూర్చోబెట్టి కౌంటర్ దగ్గర ప్రయోగాలు చెయ్యకు. అను పని విండోస్ సిస్టమ్ మీదే ఉంచు, కావాలంటే దానికి నెట్ కూడా తీసెయ్.

కానీ "లైనక్స్‌లో తెలుగు రాదు" అని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. యూనికోడ్ తెలుగు, అంటే కంప్యూటర్ లోపల కూడా "అ" "అ"గానే ఉండే పద్ధతి, చక్కగా వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ (ఏ కీకి ఏ అక్షరం అనే అమరిక) సిస్టమ్ కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. రకరకాల భాషలు కొట్టడానికి వాడే ఐబస్, దాంతోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ లేఅవుట్లు కూడా వస్తాయి. నీ చెయ్యి ఆపిల్‌కి అలవాటు పడి ఉంటే అది పెట్టుకుని చూడు, అనులో ఉన్న ప్రతి కీ అక్కడే ఉంటుందని మాత్రం అనుకోకు, రెండు మూడు రోజులు వేళ్ళు తడబడతాయి. ఫాంట్లకీ కరువు లేదు, సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన రామభద్ర, మండలి, ధూర్జటి, సురవరం, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, శుభలేఖ తలకట్టుకి ధూర్జటి వేసి చూడు. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి తెలుగు ఒత్తులు విడిపోకుండా వస్తున్నాయి, ప్రెస్సుకి కావాల్సిన నాలుగు రంగుల సీఎంవైకే పీడీఎఫ్ కూడా ఇస్తుంది. పేజ్‌మేకర్ చేతివాటం రావడానికి మాత్రం టైం పడుతుంది, అది దాచను, నాకు నెల పట్టింది.

ఆ అమ్మాయి బయోడేటా జారిపోయింది అన్నావు చూడు, అది ఫాంటు వల్లే. వర్డ్‌లో తెలుగు మామూలుగా గౌతమిలోనో నిర్మలలోనో ఉంటుంది, అవి మైక్రోసాఫ్ట్ వాళ్ళవి, మింట్‌లో ఉండవు, వాటి బదులు నోటోనో లోహిత్‌నో వచ్చి కూర్చుంటుంది, దాని వెడల్పు ఎత్తు వేరు, లైన్లు జారతాయి. ఇంగ్లిషుకి ఈ బాధ తక్కువ, క్యాలిబ్రీ బదులు అచ్చం అదే కొలతలతో కార్లిటో అనీ, క్యాంబ్రియా బదులు క్యాలడియా అనీ చేసి పెట్టారు. తెలుగుకి అలాంటి జంట ఫాంటు నాకు తెలిసి ఎవరూ చెయ్యలేదు. కస్టమర్లని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపమను, గొడవ వదిలిపోద్ది.

ఆర్చ్_అబ్బాయి:

సరే సరే, స్కిల్ ఇష్యూ అన్నందుకు సారీ అంకుల్, అను గురించి నాకు నిజంగా తెలీదు, మా ఇంట్లో శుభలేఖలు ఎలా తయారవుతాయో ఎప్పుడూ ఆలోచించలేదు 😅 నా వైపు నుంచి ఒకటి ఒప్పుకుంటా, గేమ్స్ అన్నీ ఆడేస్తాయి అని మేం అందరికీ చెప్తాం, 2018లో గేమ్స్ స్టోర్ స్టీమ్‌కి, విండోస్ గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ వచ్చాక చాలా ఆడుతున్నాయి కూడా, కానీ వాలొరాంట్ లాంటివి ఆడవు, దాని యాంటీ చీట్ (ఆటలో మోసం పట్టే ప్రోగ్రాం) విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది, లైనక్స్‌లో దానికి చోటే లేదు. నా రూమ్మేట్ దాని కోసమే మళ్ళీ విండోస్ వేసుకున్నాడు, నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

అంకుల్ 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ అన్నారు కదా, స్లోగా లేదా?

పల్నాడు_డీటీపీ:

స్లోగా ఉంది బాబూ, అది రాయడం మర్చిపోయాను. లైనక్స్ వేస్తే పాత సిస్టమ్ కొత్తదైపోద్ది అన్నాడు మావాడు, ఆన్ అవ్వడం కాస్త తొందరగా అవుతోంది, కానీ క్రోమ్‌లో అప్లికేషన్ సైటు ఒకటి, వాట్సాప్ వెబ్ ఒకటి, ఇంకోటి ఏదైనా తెరిస్తే మళ్ళీ పాత కథే.

ఓరుగల్లు_సర్వర్:

అన్నా, ర్యామ్ తినేది బ్రౌజర్, అది ఏ ఓఎస్‌ల అయినా అంతే తింటది. మింట్‌కు కనీసం 2 జీబీ, సౌకర్యంగ నడవాలంటే 4 అని వాళ్ళే రాస్తరు, అది ఒట్టి ఓఎస్ లెక్క, పైన నువ్వు తెరిచే ట్యాబ్‌ల లెక్క వేరే. హార్డ్ డిస్క్ బదులు ఒక ఎస్‌ఎస్‌డీ (జల్ది నడిచే డిస్క్) వెయ్, ర్యామ్ 8 చెయ్. మొదలు ఎస్‌ఎస్‌డీనే, డబ్బులు ఒకదానికే ఉంటే. ఈ పని చేస్తే విండోస్ గూడ ఉరుకుతది, లైనక్స్ మహిమ అని మీ మేనల్లుడు మళ్ళ చెప్పుకుంటడు, నమ్మకు.

ఇంకోటి, టైమ్‌షిఫ్ట్ అని మింట్‌ల వచ్చే ఉంటది, అది ఆన్ చేసి పెట్టు. అప్‌డేట్ తర్వాత ఏదన్న చెడిపోతే నిన్నటి స్థితికి తోలుకపోతది. నీ ఫైల్స్‌కు అది బ్యాకప్ గాదు, సిస్టమ్‌కే. ఫైల్స్ వేరే డిస్క్‌లకు తీసుకోవాలె.

పల్నాడు_డీటీపీ:

అందరికీ దండాలండి. ఆలస్యంగా రాస్తున్నాను, పది రోజులు అప్లికేషన్ల సీజన్, ఊపిరి సలపలేదు.

గడియారం సరిపోయింది. ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేశాను, డీ డ్రైవ్‌లో సేవ్ అవుతోంది, ఇన్నాళ్ళూ డిస్క్ పోయిందేమో అని భయపడి డేటా రెండుసార్లు కాపీ కొట్టుకున్నాను. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించాను, ర్యామ్ ఇంకా లేదు, వచ్చే నెల. అను సిస్టమ్‌కి నెట్ తీసేద్దామనుకున్నాను గానీ అక్క చెప్పిన ఈఎస్‌యూ పెట్టుకున్నాక ఉంచేశాను, లెక్క ప్రకారం ఇంకా చాలా నెలలుంది కదా.

ఇప్పుడు ఎలా సర్దుకున్నానంటే కౌంటర్ దగ్గర మింట్ సిస్టమ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు, వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లు, పిల్లల పెన్‌డ్రైవ్‌లు అన్నీ దాంట్లోనే. ఇదివరకు వారానికోసారి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయేవి పెన్‌డ్రైవ్ వైరస్‌తో, ఈ నెలలో ఒక్కసారీ అవ్వలేదు, దీనికి మాత్రం మావాడికి మార్కులు వేశాను. లోపల విండోస్ సిస్టమ్ మీద అను, ప్రింటర్. షేర్ ఫోల్డర్‌లో పీడీఎఫ్ వేస్తే మా ఆవిడ లోపల ప్రింట్ కొడుతోంది, "ఏంటయ్యా ఇది, ఇదివరకు ఒక్కడివే చేసేవాడివి" అంటోంది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

పోతన గారూ, ధూర్జటి ఫాంటు వేసి ఒక గృహప్రవేశం కార్డు చేశానండి, కస్టమర్‌కి నచ్చింది. ఆపిల్ కీబోర్డులో రెండు మూడు ఒత్తుల దగ్గర వేళ్ళు ఇంకా పాత చోటికే పోతున్నాయి.

మేనల్లుడు నిన్న ఫోన్ చేశాడు, "మావయ్యా బాగుంది కదా, ఉగాదికి వచ్చి రెండోదాంట్లో కూడా వేసేస్తా" అని. ముందు వచ్చి ప్రింటర్ సంగతి చూడు, తర్వాత మాట్లాడదాం అన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదు మావయ్యా అని పెట్టేశాడు.